చవక బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి కొత్త స్టాక్ బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ స్టాక్ (రైఫిల్‌ని భుజానికి ఆనించి పట్టుకునే బయటి చట్రం) తీసేసి వేరేది పెట్టుకుందామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, రెమింగ్టన్ 783 లాంటి తక్కువ ధర రైఫిళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను కానీ చాలా విషయాలు ఏ బోల్ట్ యాక్షన్‌కైనా (చేత్తో పిడి లాగి తూటా ఎక్కించే రైఫిల్‌కైనా) పనికొస్తాయి. ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో డబ్బంతా స్టాక్‌కి పోతుంది, ఫలితం మాత్రం ఆ స్టాక్‌లో యాక్షన్, అంటే తూటా ఎక్కించి పేల్చే లోహపు యంత్రభాగం, ఎలా కూర్చుందన్న దాని మీదే ఉంటుంది. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

అసలు స్టాక్ మార్చాల్సిన అవసరం నాకుందా?

రెండు పరీక్షలు చేసి చూడండి. ఖాళీ రైఫిల్ తీసుకుని స్టాక్ ముందు భాగాన్ని, అంటే ఫోరెండ్‌ని, బ్యారెల్‌ని ఒకే చేత్తో పట్టుకుని నొక్కండి. పెద్దగా బలం పెట్టకుండానే ఫోరెండ్ వంగి బ్యారెల్‌కి తగిలితే, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీద పెట్టి కాల్చినప్పుడు, సంచి మీద ఆనించినప్పుడు, స్లింగ్ (రైఫిల్ మోసే పట్టీ) గట్టిగా లాగినప్పుడు కూడా అదే జరుగుతుంది. తగిలిన ప్రతిసారీ గుండు వేరే చోటికి పోతుంది. చవక రైఫిళ్ల ఫోరెండ్ లోపల బోలుగా, సన్నటి పక్కటెముకల్లాంటి గోడలతో ఉంటుంది కాబట్టి ఇది చాలా మామూలు విషయం.

రెండోది, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తుకోండి, చెంప హాయిగా ఆనించుకుని అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనబడాలి. తల పైకెత్తి వెతుక్కోవాల్సి వస్తే ఆ స్టాక్ మీ ఒంటికి సరిపోలేదన్నమాట. ఈ రెండిట్లో ఏ ఇబ్బందీ లేకపోతే, గుంపులు (వరసగా కాల్చిన గుళ్లు కాగితం మీద ఎంత దగ్గరగా పడ్డాయన్నది) కూడా మీకు నచ్చినట్టే వస్తుంటే, ఆ డబ్బుతో తూటాలు కొనుక్కుని ప్రాక్టీస్ చేయండి.

కొత్త స్టాక్ పెడితే గురి కచ్చితంగా మెరుగుపడుతుందా?

కచ్చితంగా అని ఎవరైనా చెబితే నమ్మకండి. బ్యారెల్ బాగాలేకపోతే, తూటా ఆ బ్యారెల్‌కి పడకపోతే, స్కోప్ మౌంటు వదులుగా ఉంటే స్టాక్ ఏమీ చేయలేదు. స్టాక్ చేసేది ఒక్కటే: ప్రతి గుండుకీ యాక్షన్‌ని ఒకేలా పట్టుకోవడం, మనిషి ప్రతిసారీ ఒకేలా పట్టుకునేలా చూడటం. ఇప్పటిదాకా అది జరగకపోతే తేడా బాగా కనబడుతుంది. గుంపు చిన్నది కాకపోయినా, నిన్న ఉన్నచోటే ఇవాళ కూడా గుండు పడటం మొదలవుతుంది, నా దృష్టిలో అదే ఎక్కువ విలువైన మార్పు.

నా రైఫిల్‌కి ఏ స్టాక్ సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. యాక్షన్ అడుగు ఆకారం, స్క్రూల మధ్య దూరం, రీకాయిల్ లగ్ (అదేంటో కింద చెబుతాను) ఉన్న చోటు, మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) రకం, బ్యారెల్ లావు, బోల్ట్ పిడి వచ్చే చోటు, ఇవన్నీ కలిసి సరిపోవాలి. కంపెనీ పేరు ఒక్కటే కలిస్తే చాలదు. రెమింగ్టన్ 700 కోసం చేసిన స్టాక్‌లో రెమింగ్టన్ 783 కూర్చోదు. సావేజ్ 110 స్టాక్‌లో సావేజ్ యాక్సిస్ కూర్చోదు. 110 కుటుంబంలోనే షార్ట్ యాక్షన్లలో (పొట్టి తూటాల కోసం చేసినవి) పాత స్టాగర్డ్ ఫీడ్ (తూటాలు రెండు పక్కల నుంచి మార్చి మార్చి ఎక్కే) రకానికి స్క్రూల మధ్య దూరం 4.275 అంగుళాలు, సెంటర్ ఫీడ్ (నడిమధ్య నుంచి ఎక్కే) రకానికి 4.4 అంగుళాలు. తేడా మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, ఆ మూడు మిల్లీమీటర్లతో స్క్రూ లోపలికి దిగదు.

కాబట్టి ఆర్డర్ పెట్టేముందు రైఫిల్ విప్పి, రెండు స్క్రూ రంధ్రాల నడిమధ్య నుంచి నడిమధ్యకి కాలిపర్‌తో కొలవండి. యాక్షన్ షార్టా లాంగా, మ్యాగజైన్ విడిగా ఊడివస్తుందా లోపలే ఉంటుందా, బ్యారెల్ సన్నటి స్పోర్టరా లావు బ్యారెలా రాసుకోండి. ఎడమచేతి బోల్ట్ అయితే అది పైన పెద్దక్షరాల్లో రాసుకోండి. ఒకే మోడల్ పేరుతో ఏళ్లు గడిచేకొద్దీ లోపల మార్పులు చేస్తుంటారు, అందుకే పేరు కంటే కొలతని నమ్మడం మంచిది.

రెమింగ్టన్ 700 సంగతి వేరు. 1962 నుంచీ ఉన్న డిజైన్, దాని అడుగు ఆకారాన్ని ఎంతోమంది కాపీ చేశారు, స్టాకులు లెక్కలేనన్ని దొరుకుతాయి. చవక రైఫిళ్లకి అంత అదృష్టం లేదు. బాయిడ్స్ వాళ్లు లామినేట్ చెక్కలో యాక్సిస్‌కీ, అమెరికన్‌కీ చేస్తారు, మ్యాగ్‌పుల్ వాళ్లకి రూగర్ అమెరికన్ షార్ట్ యాక్షన్ కోసం విడిగా ఒక స్టాక్ ఉంది, ఎండీటీ లాంటి వాళ్లు చాసీలు (స్టాక్‌కి బదులు వాడే అల్యూమినియం చట్రాలు) చేస్తారు. చాయిస్ తక్కువే అయినా పని జరుగుతుంది.

రీకాయిల్ లగ్, రీకాయిల్ లగ్ అంటారు, అదేంటి? ఎందుకంత ముఖ్యం?

తూటా పేలగానే యాక్షన్ వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుడిని స్టాక్‌కి అప్పగించే ఇనుప ముక్కే రీకాయిల్ లగ్. స్క్రూలు యాక్షన్‌ని కిందికి లాగి పట్టుకుంటాయంతే, వెనక్కి తోసే బలాన్ని మోయాల్సింది లగ్. అది స్టాక్‌లోని గాడి వెనక గోడకి పూర్తిగా ఆనుకుని ఉండాలి. ఆనకపోతే కాల్చిన ప్రతిసారీ యాక్షన్ వెంట్రుకవాసి జరుగుతుంది, ఆ బలమంతా స్క్రూల మీద పడుతుంది, చెక్క స్టాక్ అయితే చివరికి వెనకవైపు చీలుతుంది కూడా.

చవక రైఫిళ్లలో ఈ లగ్ ఒక్కో కంపెనీది ఒక్కో రకం. రెమింగ్టన్ 700లో, 783లో అది బ్యారెల్‌కీ రిసీవర్‌కీ (యాక్షన్‌లో బోల్ట్ జరిగే గొట్టం లాంటి భాగం) మధ్య వాషర్‌లా ఇరుక్కుని ఉంటుంది. హోవా 1500లో రిసీవర్‌తో కలిసే ఉంటుంది. సావేజ్ యాక్సిస్‌లో మాత్రం లగ్ స్టాక్‌లోనే ఉంటుంది, రిసీవర్ అడుగున ఉన్న గాడిలోకి అది దూరుతుంది. టిక్కా టీ3 కూడా అదే పద్ధతి. రూగర్ అమెరికన్‌లో ఇంకా వేరు, స్టాక్‌లో V ఆకారంలో రెండు స్టీలు దిమ్మలు పోతపోసి ఉంటాయి, రిసీవర్‌లోని గాడులు వాటి మీద కూర్చుంటాయి. అంటే పాత స్టాక్ పక్కన పెట్టేస్తే మీ లగ్ కూడా దానితోపాటే వెళ్లిపోతుంది! కొత్త స్టాక్‌లో ఆ ముక్క వస్తుందా, లేక పాతదాంట్లోంచి తీసి పెట్టుకోవాలా అన్నది కొనేముందే అడిగి తెలుసుకోండి.

చెక్క, ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్, చాసీ. ఏది తీసుకోవాలి?

లామినేట్ చెక్క అంటే పల్చటి పొరల్ని జిగురుతో కలిపి నొక్కినది. మామూలు వాల్‌నట్ కంటే వంకర పోవడం తక్కువ, గట్టిగా ఉంటుంది, బరువు ఎక్కువ. ఆ బరువు బెంచీ మీద కాల్చేటప్పుడు తన్నుడు తగ్గిస్తుంది, రోజంతా కొండలెక్కేవాడికి భుజం నొప్పి తెస్తుంది. మంచి పాలిమర్ స్టాకులు కూడా ఉన్నాయి, గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్‌తో చేసి లోపల అల్యూమినియం పెట్టినవి, వాటిని కంపెనీ ప్లాస్టిక్‌తో ఒకే గాటన కట్టకూడదు. ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ తేలిక, గట్టి, ఖరీదు. రైఫిల్ ధర కంటే స్టాక్ ధర ఎక్కువైతే మాత్రం ఒకసారి ఆగి, ఆ మొత్తానికి ఇంకా మంచి రైఫిలే వస్తుందేమో చూడండి.

చాసీలో యాక్షన్ నేరుగా అల్యూమినియం మీద కూర్చుంటుంది కాబట్టి సాధారణంగా బెడ్డింగ్ (యాక్షన్ కింద ఎపాక్సీ పోసి సరిగ్గా కూర్చోబెట్టడం) పని ఉండదు, చెంప ఎత్తు, పొడవు రెండూ సర్దుకోవచ్చు. చలికాలంలో పొద్దున్నే ఆ లోహానికి చెంప ఆనిస్తే ఎలా ఉంటుందో కూడా ఆలోచించుకోండి. నన్నడిగితే, వేటకీ రేంజికీ ఒకే రైఫిల్ వాడేవాళ్లకి లామినేట్ గానీ, అల్యూమినియం దిమ్మ ఉన్న పాలిమర్ గానీ చాలు.

ఏ పనిముట్లు ఉండాలి?

స్క్రూ తలకి సరిగ్గా సరిపోయే బిట్లు, స్క్రూ ఎంత బిగించారో ఇంచ్ పౌండ్లలో చూపించే చిన్న టార్క్ డ్రైవర్, కాలిపర్, మాస్కింగ్ టేప్, ఎమరీ పేపర్, దాన్ని చుట్టడానికి బ్యారెల్ కంటే కొంచెం లావుగా ఉండే గుండ్రటి కర్ర. లిప్‌స్టిక్ కూడా ఒకటి పెట్టుకోండి, ఎందుకో కింద చెబుతాను. కార్లకి వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇక్కడ పనికిరాదు, అంత చిన్న కొలత అది సరిగ్గా చూపించదు.

పని మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

మ్యాగజైన్ తీసేయండి, బోల్ట్ తెరిచి చాంబర్‌లోకి (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, తర్వాత వేలు పెట్టి చూడండి, తర్వాత బోల్టే బయటికి తీసేయండి. మీరు పనిచేసే గదిలో అసలు తూటాలే ఉండకూడదు. మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్లారా, తిరిగి రాగానే మళ్లీ చూడండి. ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా దీన్ని నేను ఒక్కసారి కూడా వదలను.

ఇంకో పని కూడా ఉంది, దాదాపు ఎవరూ చేయరు. పాత స్టాక్‌తోనే, మీరు రోజూ వాడే తూటాతోనే, అయిదేసి గుళ్ల గుంపులు మూడు కాల్చి ఆ కాగితాలు దాచుకోండి. లేకపోతే కొత్త స్టాక్ మేలు చేసిందో లేదో చెప్పడానికి మీ దగ్గర ఊహ తప్ప ఏమీ ఉండదు.

పాత స్టాక్ విప్పేటప్పుడు జాగ్రత్తలు?

ముందు స్క్రూ, వెనక స్క్రూ ఒకే పొడవు ఉండకపోవచ్చు. తీసిన వెంటనే టేప్ ముక్క చుట్టి దేనిదేదో రాయండి. మధ్యలో చిన్న స్పేసర్లో (ఖాళీ నింపే బిళ్లలు), మ్యాగజైన్ స్ప్రింగో, లగ్గో జారి పడుతుంది, అందుకే కింద పాత దుప్పటి పరిచి విప్పండి. ప్రతి దశలో ఫొటో తీసుకోండి. యాక్షన్ బయటికి వచ్చాక దాని అడుగున మెరుస్తున్న చోట్లు చూడండి, ఇన్నాళ్లూ స్టాక్‌కి ఎక్కడ ఆనుకుని ఉందో అవి చెబుతాయి. కొన్ని చవక రైఫిళ్లలో ట్రిగ్గర్ గార్డు స్టాక్‌తో కలిసే పోతపోసి ఉంటుంది, అలాంటప్పుడు కొత్త స్టాక్‌కి గార్డు విడిగా కావాలి, పెట్టెలో వచ్చిందో లేదో చూసుకోండి.

యాక్షన్ కొత్త స్టాక్‌లోకి పూర్తిగా దిగట్లేదు. స్క్రూ బిగిస్తే అదే దిగుతుందా?

వద్దు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. స్క్రూతో లాగితే దిగినట్టే కనబడుతుంది, లోపల యాక్షన్ విల్లులా వంగి ఉంటుంది. దాన్ని మనం బయటినుంచి చూడలేం, టార్గెట్ మీద మాత్రం తెలుస్తుంది.

యాక్షన్ అడుగున, పక్కల పల్చగా లిప్‌స్టిక్ పూయండి. నిదానంగా స్టాక్‌లోకి దింపి, చేత్తో కొంచెం నొక్కి, నేరుగా పైకెత్తండి. ఎర్రటి మచ్చ పడిన చోటే అడ్డం పడుతోంది. అక్కడ మాత్రమే, రెండు మూడు సార్లు ఎమరీ పేపర్ ఆడించి, తుడిచి, మళ్లీ దింపి చూడండి. చాలాసార్లు అడ్డం పడేది పెద్ద చోటు కాదు, ట్రిగ్గర్ హౌసింగ్ మూలో, లగ్ గాడి అంచున మిగిలిపోయిన పెయింటో అయ్యుంటుంది. ఒక లామినేట్ స్టాక్‌లో నేను గంటన్నర వెతికాను, చివరికి చూస్తే సేఫ్టీ మీట పక్కన బియ్యపుగింజంత చెక్క మిగిలి ఉంది, అంతే. తీసేయడం రెండు నిమిషాల పని. లగ్ ఆనే వెనక గోడని మాత్రం ముట్టుకోకండి, అది ఎంత అరిగితే అంత నష్టం.

చెక్కని ఎక్కడ గీకినా, పని అయ్యాక పచ్చి చెక్క బయటికి కనబడకుండా నూనె గానీ వార్నిష్ గానీ పట్టించండి. రీకాయిల్ ప్యాడ్ (భుజానికి ఆనే రబ్బరు దిమ్మ) విప్పి దాని వెనక కూడా చూడండి, తేమ అక్కణ్నుంచే ఎక్కువగా పీలుస్తుంది.

బ్యారెల్ చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి?

కాల్చినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది, వేడెక్కుతుంది. దేనికీ తగలకుండా వదిలేస్తే ప్రతిసారీ ఒకేలా కంపించే అవకాశం ఎక్కువ, దీన్నే ఫ్రీ ఫ్లోట్ అంటారు. కాగితం ఒక పొర జారితే చాలని చాలాచోట్ల చెబుతారు, నాకది చాలదనిపిస్తుంది. పోస్టుకార్డు మందం ఉన్న అట్టని రెండుగా మడిచి, ఫోరెండ్ కొస నుంచి రిసీవర్ దాకా ఎక్కడా పట్టకుండా జారాలి. ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ ఉంటే ఫోరెండ్ కాస్త వంగినా, దుమ్మూ ధూళీ చేరినా భయం ఉండదు.

ఖాళీ తక్కువైతే గుండ్రటి కర్రకి ఎమరీ పేపర్ చుట్టి, గాడి పొడవునా ఒకే ఒత్తిడితో తోయండి. రెండు వైపులా సమానంగా రావాలి, ఒకవైపే అరిగితే చూడటానికి కూడా వంకరగా కనబడుతుంది. ఇంకోటి, స్లింగ్ తగిలించడానికి ఫోరెండ్ కింద ఉండే స్టడ్ స్క్రూ కొస ఒక్కోసారి గాడిలోకి పొడుచుకొచ్చి బ్యారెల్‌కి తగులుతుంటుంది. పైనుంచి చూస్తే కనబడదు. గుంపులు అర్థం లేకుండా చెదిరిపోతుంటే ముందు అక్కడ చూడండి.

స్క్రూలు ఎంత బిగించాలి?

స్టాక్ చేసినవాళ్లు ఏ అంకె ఇస్తే అదే. వాళ్లేమీ చెప్పకపోతే, లోహపు పిల్లర్లు గానీ అల్యూమినియం దిమ్మ గానీ ఉన్న స్టాకులకి సాధారణంగా వాడేది 65 ఇంచ్ పౌండ్ల దాకా, అంటే దాదాపు 7.3 న్యూటన్ మీటర్లు. పిల్లర్లు లేని చెక్కకి 35 నుంచి 40 ఇంచ్ పౌండ్లు, అంటే 4 నుంచి 4.5 న్యూటన్ మీటర్లు. అంతకంటే బిగిస్తే చెక్క నలిగిపోతుంది, రేపు మళ్లీ వదులవుతుంది, మళ్లీ బిగిస్తారు, ఇంకా నలుగుతుంది. పిల్లరంటే స్క్రూ చుట్టూ పెట్టే అల్యూమినియం గొట్టం, స్క్రూ బలాన్ని చెక్క మీద పడకుండా అదే మోస్తుంది.

బిగించే పద్ధతి ఇలా. రైఫిల్‌ని నిలువుగా, మడమ (భుజానికి ఆనే వెనక కొస) నేలకి ఆనేలా పట్టుకుని, మెత్తటి చాప మీద రెండుసార్లు తట్టండి, బరువుకి యాక్షన్ వెనక్కి జరిగి లగ్ తన గోడకి ఆనుతుంది. అలాగే పట్టుకుని రెండు స్క్రూలూ వేలితో దింపండి. ముందుది సగం, వెనకది సగం, మళ్లీ ముందుది పూర్తిగా, వెనకది పూర్తిగా. మూడో స్క్రూ ఉన్న రైఫిల్ అయితే మధ్యది చివర్లో, మెల్లగా. స్క్రూలకి గట్టి జిగురు లాక్ ఏదీ వేయకండి. స్క్రూ తల మీద నుంచి పక్కకి పెయింట్ పెన్నుతో చిన్న గీత గీయండి, వదులైతే ఆ గీత విడిపోయి కనబడుతుంది.

కొత్త స్టాక్ పెట్టాక బోల్ట్ పూర్తిగా మూసుకోవట్లేదు. ఎందుకు?

ఇది నాకు జరిగింది. మొదటిసారి స్టాక్ మార్చినప్పుడు పెట్టెలో వచ్చిన స్క్రూలే వాడాను, బోల్ట్ పిడి సగం దాకా దిగి ఆగిపోయింది. కొత్తది కదా బిగువుగా ఉందేమో అనుకుని అరచేత్తో కొట్టాను. విప్పి చూస్తే ముందు స్క్రూ కొస రిసీవర్ లోపలికి పొడుచుకొచ్చి ఉంది, బోల్ట్ లగ్ మీద మెరిసే గీత పడింది. అర మిల్లీమీటరో కాస్త ఎక్కువో, అంతే తేడా. ఆ గీత ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

కాబట్టి ముందు స్క్రూ పొడవు చూడండి. స్క్రూ తీసేసి బోల్ట్ మూసి చూడండి, హాయిగా మూసుకుంటే దోషం స్క్రూదే. కొస కొద్దిగా ఆకురాయితో అరగదీసి, మర మొదలు శుభ్రం చేసి పెట్టుకోవచ్చు. పొట్టి స్క్రూ కూడా ప్రమాదమే, కనీసం స్క్రూ లావంత లోతైనా మరలోకి దిగాలి. పావు అంగుళం స్క్రూ అయితే ఆరు మిల్లీమీటర్లు, అంగుళానికి 28 మరలున్న స్క్రూకి అది దాదాపు ఏడు చుట్లు. ఒకటి రెండు చుట్ల మీద నిలబడి ఉంటే మర ఊడిపోతుంది.

స్క్రూ తీసేసినా మూసుకోకపోతే, పిడి స్టాక్‌లోని గాడి అంచుకి తగులుతోందేమో చూడండి. పిడికీ చెక్కకీ మధ్య మూసినప్పుడు కూడా ఖాళీ కనబడాలి. పిడి చెక్కకి ఆని ఆగితే బోల్ట్ పూర్తిగా లాక్ కాకుండానే కాల్చే పరిస్థితి వస్తుంది. అలా ఉంటే ఒక్క తూటా కూడా కాల్చకూడదు.

మ్యాగజైన్ సరిగ్గా పట్టట్లేదు, తూటా ఎక్కట్లేదు. ఏం చేయాలి?

చవక రైఫిళ్లలో అందరినీ ఎక్కువ విసిగించేది ఇదే. మ్యాగజైన్ తూటాని ఏ ఎత్తులో నిలబెడుతుందన్నది స్టాక్ లోతు మీద ఆధారపడి ఉంటుంది. మ్యాగజైన్ కిందికి ఉంటే బోల్ట్ తూటా మీద నుంచి జారిపోతుంది, మరీ పైకి ఉంటే బోల్ట్ దాని పెదవులకి (తూటాని పట్టి ఉంచే పై అంచులకి) రాసుకుంటుంది. ఉత్త డమ్మీ తూటాలతో, నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి, మ్యాగజైన్ మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆడించండి. కొన్ని కొత్త స్టాకులు కంపెనీ మ్యాగజైన్‌కి బదులు ఏఐసీఎస్ పద్ధతి (చాలా కంపెనీలు పాటించే ఒక కొలత) మ్యాగజైన్లు తీసుకుంటాయి, అవి విడిగా కొనుక్కోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. గాడి బిగువుగా ఉంటే కాస్త గీకొచ్చు. మ్యాగజైన్ పెదవుల్ని మాత్రం కటింగ్ ప్లయర్‌తో వంచకండి.

బెడ్డింగ్ చేయాలా?

చాసీకైతే సాధారణంగా అక్కర్లేదు. మిగతావాటికి ముందు పరీక్ష చేయండి. రెండు స్క్రూలూ బిగించి, రైఫిల్‌ని నిలువుగా పట్టుకుని, ఫోరెండ్ కొసకీ బ్యారెల్‌కీ మధ్య గీత మీద వేలి కొస ఆనించండి. ఇప్పుడు ఒక స్క్రూ వదులు చేయండి, మళ్లీ బిగించండి. వేలి కింద బ్యారెల్ కదిలినట్టు తెలిస్తే యాక్షన్ వంగి కూర్చుందని అర్థం. డయల్ ఇండికేటర్ (చిన్న కదలికని ముల్లుతో చూపించే కొలత పరికరం) ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది, 0.05 మిల్లీమీటర్ లోపు కదిలితే బాగా కూర్చున్నట్టే. రెండో స్క్రూకీ అలాగే చూడండి. ఏదీ కదలకపోతే వదిలేసి కాల్చి చూడండి.

కదిలితే బెడ్డింగ్ చేయాల్సిందే. అంటే యాక్షన్‌కీ స్టాక్‌కీ మధ్య ఎపాక్సీ పోసి, యాక్షన్ అచ్చు అందులో పడేలా చేయడం. మెరైన్‌టెక్స్, డెవ్‌కాన్, అక్రాగ్లాస్, వీటిలో ఏదైనా సరే. కష్టం ఎపాక్సీ పోయడంలో లేదు, పోసేముందు చేసే తయారీలో ఉంది. స్టాక్‌లో లగ్ చుట్టూ, వెనక టాంగ్ (రిసీవర్ తోక భాగం) దగ్గర ఉన్న నున్నటి పైపొర గీకి గరుకు చేయాలి. ప్లాస్టిక్ స్టాక్ అయితే ఎపాక్సీ దాన్ని అంత తేలిగ్గా పట్టుకోదు, ఏటవాలుగా చిన్న చిన్న రంధ్రాలు తొలిస్తే అందులోకి దిగి గట్టిపడుతుంది. రిసీవర్‌తో కలిసి ఉండే లగ్ అయితే దాని ముందు వైపు, పక్కలు, అడుగున ఒక పొర టేప్ వేయండి, వెనక ముఖానికి వేయకండి, అదొక్కటే గోడకి ఆనాలి. స్టాక్‌లో ఉండే లగ్ అయితే దాన్ని కదలకుండా స్టాక్‌లోకే ఎపాక్సీతో పాతేస్తారు. ట్రిగ్గర్ విప్పేసి, రిసీవర్ అడుగున ఉన్న ప్రతి రంధ్రం, ప్రతి గాడి మోడలింగ్ క్లేతో నింపండి. తర్వాత రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ లోహానికి అంటుకోకుండా చేసే పూత), లేదా రంగులేని బూటు పాలిష్ రెండు పొరలు, లోహం ఉన్న ప్రతిచోటా, స్క్రూ మరలకీ కూడా. బ్యారెల్‌కి టేప్ చుట్లు వేసి అది గాడి మధ్యలో నిలబడేలా చూసుకోండి.

పోశాక యాక్షన్‌ని దాని బరువుతోనే కూర్చోబెట్టాలి, స్క్రూలు దారి చూపించడానికే తప్ప లాగడానికి కాదు. గట్టిగా లాగితే ఏ వంపు పోవాలని ఇదంతా చేస్తున్నారో ఆ వంపునే ఎపాక్సీలో అచ్చు పోసినట్టవుతుంది. బయటికి ఉబికిన ఎపాక్సీని వెంటనే తుడిచేసి, 24 గంటలు ముట్టుకోకండి.

మర్నాడు యాక్షన్ ఊడి రాకపోతే?

టెన్షన్ పడకండి, రిలీజ్ ఏజెంట్ సరిగ్గా పూసి ఉంటే వస్తుంది. స్క్రూలు తీసేసి, ఫోరెండ్ దగ్గర పట్టుకుని, బ్యారెల్ కింది వైపు నుంచి రబ్బరు సుత్తితో చిన్నగా తట్టండి, నేరుగా పైకి వచ్చేలా. మొదట ఏమీ జరగదు, తర్వాత చిన్న 'టక్' మని వినబడుతుంది, గాలి దూరిన శబ్దం, అప్పుడు వదులుతుంది. అప్పటికీ రాకపోతే ఓ గంట ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి, లోహం కుంచించుకుని పట్టు వదులుతుంది. క్లే పెట్టడం మర్చిపోయిన రంధ్రంలోకి ఎపాక్సీ దిగి కొక్కెంలా పట్టుకుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. బలవంతం చేయకుండా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

బయటికి వచ్చాక లగ్ వెనక గోడ అద్దంలా నున్నగా, గాలి బుడగలు లేకుండా ఉంటే మంచిది. మిరియపుగింజంత బుడగ ఒకటో రెండో ఉన్నా ఫర్వాలేదు.

ట్రిగ్గర్, సేఫ్టీ మళ్లీ పరీక్షించాలా?

తప్పకుండా, తూటా పెట్టకముందే. స్టాక్ చెక్క ట్రిగ్గర్‌కో సేఫ్టీకో తగులుతుంటే రైఫిల్ తనంతట తానే పేలొచ్చు. ఖాళీ రైఫిల్ కాక్ చేసి (బోల్ట్ తెరిచి మూసి పేల్చడానికి సిద్ధం చేసి), సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి, వదలండి, సేఫ్టీ తీయండి, ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది) పడకూడదు. సేఫ్టీ తీసి ఉంచి మడమని రబ్బరు సుత్తితో నాలుగైదుసార్లు కొట్టండి, పడకూడదు. బోల్ట్ బలంగా, వేగంగా పది సార్లు మూయండి, అప్పుడూ పడకూడదు. ఏ ఒక్కసారి పడినా ఆ రైఫిల్ రేంజికి వెళ్లకూడదు.

నా ఒంటికి సరిపోయేలా పొడవు ఎలా చూసుకోవాలి?

ట్రిగ్గర్ ముఖం నుంచి మడమ చివరి దాకా ఉన్న దూరం, సాధారణంగా 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి, మందపాటి కోటు వేసుకుని కాల్చేవాళ్లకి ఇంకా తక్కువ కావాలి. స్పేసర్లతో సర్దుకునే స్టాక్ అయితే గొడవే లేదు. పెద్ద స్కోప్ ఎత్తుగా పెట్టుకునేవాళ్లకి పొడవు కంటే చెంప ఎత్తు ముఖ్యం. ఫోమ్ షీటు ముక్కలు టేపుతో చుట్టి ఎత్తు సర్ది చూడండి, సరిపోయిన ఎత్తు తెలిశాకే ఖరీదైన చీక్ రైజర్ కొనండి.

స్కోప్ మళ్లీ జీరో చేయాలా (గురి పెట్టిన చోటే గుండు పడేలా సర్దాలా)?

చేయాలి. యాక్షన్‌ని స్టాక్‌లోంచి తీసి పెట్టిన ప్రతిసారీ చేయాలి. పొడవు మారితే కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం కూడా మారుతుంది, తక్కువైతే తన్నుడికి స్కోప్ అంచు కనుబొమ్మకి తగులుతుంది, కాబట్టి ముందు స్కోప్ జరిపి, తర్వాతే జీరో. 25 గజాల్లో మొదలుపెట్టి 100 గజాలకి వెళ్లండి. మొదటి పది గుళ్లు అయ్యాక స్క్రూల టార్క్ మళ్లీ చూడండి, కొత్త చెక్క కాస్త సర్దుకుంటుంది. ఆ తర్వాత అయిదేసి గుళ్ల గుంపులు మూడు, బ్యారెల్ చల్లారనిస్తూ కాల్చి, దాచుకున్న పాత కాగితాల పక్కన పెట్టుకుని చూడండి. మూడు గుళ్ల గుంపు ఒకటి బాగా వచ్చిందని సంబరపడి ఆగిపోకండి.

చట్టపరంగా ఏమైనా ఇబ్బందా?

ఉండొచ్చు. మడిచే స్టాకులు, పిస్టల్ గ్రిప్పు ఉన్నవి, రైఫిల్ మొత్తం పొడవు తగ్గించేవి కొన్నిచోట్ల వేరే కోవలోకి వస్తాయి. మీ లైసెన్సులో, మీరుండే చోటి నియమాల్లో ఏముందో డబ్బు కట్టకముందే చదువుకోండి, అర్థం కాకపోతే లైసెన్సు ఇచ్చినవాళ్లనే అడగండి.

పాత స్టాక్ అమ్మేయొచ్చా?

ఉంచుకోండి. వారంటీ కోసం కంపెనీకి పంపాల్సి వస్తే పాత స్టాక్‌లోనే పంపడం మేలు, రైఫిల్ అమ్మాల్సి వచ్చినా కొనేవాడు అడుగుతాడు. కొత్త దాంట్లో ఏదైనా తేడా వస్తే దోషం స్టాక్‌దో రైఫిల్‌దో తేల్చుకోవడానికి కూడా అదే కావాలి. దాని స్క్రూలు, లగ్, స్పేసర్లు అన్నీ ఒక సంచిలో వేసి ఆ స్టాక్‌కే టేపుతో అంటించి పెట్టండి.